మాడు ఎవరి వాటా?

సుఖపడటం కూడా ఒకరు నేర్పాలా అని మీరు నవ్వుతారేమో. మనలో చాలామంది ఆడవాళ్ళకి నేర్పాల్సిందేనని నా అభిప్రాయం. ఊరు మారినా, వంట తప్పినా, 'అందరూ తిన్నారా?' అన్న బెంగ మాత్రం మన పెట్టెలోనే బయలుదేరుతుంది.

స్పెయిన్ తూర్పు తీరాన, మధ్యధరా సముద్రపు ఒడ్డున వలెన్సియా నగరంలో ఆ మధ్య వారం రోజులున్నాను. చూసినకొద్దీ చూడబుద్ధేసే ఊరు. 1957లో తూరియా నది పొంగి ఊరిని ముంచేస్తే, ఆ తర్వాత నదినే ఊరి బయటికి మళ్ళించేశారు. పాత నదీగర్భంలో ఇప్పుడు సుమారు 9 కిలోమీటర్ల పొడవునా తోటలు! వంతెనల కింద నీళ్ళకి బదులు పిల్లలు పరుగులు తీస్తుంటారు. 1928లో తెరిచిన పెద్ద మార్కెట్లో కూరలు బేరమాడకుండా ఊరికే చూస్తూ తిరగడమే ఒక పండగ. తుంగ జాతి గడ్డల్ని నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పంచదార కలిపి చల్లగా ఇచ్చే 'ఓర్చాతా' తాగితే ప్రాణం లేచొచ్చింది.

కానీ నన్ను ఆలోచనలో పడేసింది అన్నం. ఊరికి దక్షిణాన అల్బుఫేరా సరస్సు చుట్టూ వరిచేలే. ఆ బియ్యంతో చేసేదే పయేయా. వెడల్పాటి ఇనప మూకుడులో కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్ళు, టమాటా, కుంకుమపువ్వు వేసి, బియ్యం పోశాక ఇక గరిటె పెట్టరు. ఆదివారం మధ్యాహ్నపు భోజనం అది. చాలా ఇళ్ళలో ఆ పూట వంట మగవాళ్ళదే.

పాత పద్ధతిలో అయితే మూకుడు మధ్యలో పెట్టి, చుట్టూ అందరూ కూర్చుని, ఎవరి చెక్క చెంచాతో వాళ్ళు తమ వైపుది తింటారు. ఎంగిలి అని మన గుండె ఝల్లుమంటుంది, నిజమే! అడుగున పట్టిన మాడుని 'సొకర్రాట్' అంటారు. దానికోసం పోటీలు పడతారు.

మన ఇళ్ళల్లో ఆ మాడు ఎవరి కంచంలోకి వస్తుందో మీకు చెప్పాలా?

నలుగురూ తృప్తిగా తింటుంటే చూసే ఆనందం అబద్ధమని నేననను. అది నాకూ తెలుసు. నా సందేహమల్లా ఒక్కటే. ఇష్టపడి ఇచ్చింది త్యాగం. అడక్కుండానే మన వాటాకి వచ్చి పడేది త్యాగమెలా అవుతుంది? పైగా, ఎవరికీ తెలియనివ్వని త్యాగం ఎవరికీ ప్రేమని నేర్పదు. అమ్మకి మాడంటే ఇష్టం అన్న అబద్ధాన్ని నేర్పుతుంది. చూస్తూ పెరిగే ఆడపిల్లకి అదే రేపటి ధర్మం, మగపిల్లాడికి అదే రేపటి హక్కు.

ఆ మూకుడు దగ్గర నాకు నచ్చింది రుచి ఒక్కటే కాదు. అందరూ ఒకేసారి మొదలుపెడతారు కనక వండినవాళ్ళు చివరికి మిగలరు. వాళ్ళూ వేడివేడిగానే తింటారు.

ఒకే పళ్ళెంలో తినమని నేను చెప్పడం లేదండీ. మన ఆచారాలు మనకుంటాయి. నాలుగు కంచాలతో పాటే ఐదో కంచమూ పెట్టుకోమంటున్నాను. గిన్నెలు మధ్యలో ఉంటే ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోలేరా? అన్నం కాస్త అడుగంటితే ఆ మాడూ అందరికీ పంచండి. ఎవరు చూడొచ్చారు, మీ ఇంట్లోనూ దానికోసం పోట్లాడుకుంటారేమో!