ఒక్క వాక్యమునకు ఎంత సాక్ష్యము?

రాజ్యములు మాఱిన వృత్తాంతమును వ్రాయువారు తఱచుగా ఒక సంవత్సరమును, ఒక కారణమును పేర్కొని తృప్తి చెందుదురు. చదువువారును తృప్తి చెందుదురు. మన యిండ్లలోని బాలబాలికలు పరీక్షలకై వ్రాయు చరిత్రవ్యాసములందును ఈ పద్ధతియే కానవచ్చుచున్నది. ఇందు దోషమేమి యని అడుగువారు గలరు. తెలియని దానిని తెలిసినట్లు చెప్పుట మాటలలో అసత్యమైనచో వ్రాతలో సత్యమెట్లగును? మేము దీనిని శైలికి సంబంధించిన విషయముగా గాక ధర్మమునకు సంబంధించిన విషయముగా తలంచుచున్నాము.

మొదట దూరదేశపు ఉదాహరణము. వర్ణమును బట్టి ఓటు నిరాకరింపరాదని అమెరికా రాజ్యాంగపు పదునైదవ సవరణము 1870లో శాసించినది. "1870లో నల్లజాతి పురుషులకు ఓటుహక్కు లభించెను" అని విద్యార్థి వ్రాసినచో మార్కులు వచ్చును. కొన్ని యేండ్లు వారు ఓట్లు వేసిన మాటయు నిజమే. కాని మిసిసిపీ రాష్ట్రము 1890లో క్రొత్త రాజ్యాంగము చేసికొని, ఓటుపన్నును, అక్షరపరీక్షను విధించి, ఇచ్చిన హక్కును చేతికందకుండ చేసినది. 1965 నాటి ఓటుహక్కు చట్టమునకు పూర్వము అచ్చటి నల్లజాతి వయోజనులలో నూటికి ఏడుగురైనను ఓటరుల పట్టికలో లేరు. రెండేండ్లలో ఆ సంఖ్య నూటికి సుమారు అఱువది అయ్యెను. చట్టప్రతి యొక సాక్షి; ఓటరుల పట్టిక మఱియొక సాక్షి. మొదటిదానిని మాత్రమే విన్నవాడు శాసనసభను గూర్చి వ్రాసినవాడగునే గాని ప్రజలను గూర్చి వ్రాసినవాడు కాడు.

ఇక మన సీమకు వత్తము. ధర్మవరము నుండి హిందూపురమునకు రైలులో పోవువారికి పెనుకొండ దుర్గము కనబడును. ఆ కొండను చూచుచునే మన పిల్లలు కంఠపాఠము చేయు వాక్యమిది: "1565లో తల్లికోట యుద్ధముతో మహమ్మదీయులు హిందూసామ్రాజ్యమును అంతమొందించిరి." ఇందు రెండు మాటలు గలవు: అంతమైనదని యొకటి, మతము కారణమని యొకటి.

మొదటి మాటకు పెనుకొండయే ప్రతిసాక్షి. యుద్ధమున రామరాయలు హతుడు కాగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజపరివారముతో ఇచ్చటికి వచ్చి రాజధాని నిలిపెను. పిమ్మట అది చంద్రగిరికి తరలినది. ఆరవీటి రాజుల యేలుబడి మఱి సుమారు ఎనుబది యేండ్లు, క్రమముగా క్షీణించుచునే, సాగినది. వెనిసు వర్తకుడు సీజరు ఫ్రెడెరిక్ 1567లో విజయనగరమున ఏడు నెలలుండి, ఇండ్లు నిలిచియున్నను జనము లేరనియు, రాజు ఎనిమిది దినముల ప్రయాణదూరమున నున్న పెనుకొండకు పోయెననియు వ్రాసెను. ఇతడే యుద్ధములో ఇద్దఱు సేనానులు ద్రోహము చేసిరనియు వ్రాసినాడు. నగరపు స్థితిని వ్రాసినపుడు అతడు అచ్చట నివసించినవాడు. యుద్ధమును వ్రాసినపుడు రెండేండ్ల వెనుకటి మాటను విన్నవాడు. ఒకే మనుష్యుడు, ఒకే గ్రంథము. అయినను రెండు వాక్యములకు బరువు సమానము కాదు. ఈ భేదమును పాటింపక అతని మాటలన్నిటిని ఒక్క మూటగా ఎత్తికొనుట మన పాఠ్యపుస్తకములకు పరిపాటియైనది.

రెండవ మాట మఱింత జాగ్రత్త కోరును. తల్లికోటలో ఎదిరించి పోరాడిన గోలకొండ ప్రభువు ఇబ్రాహీం కుతుబ్షా అంతకు పూర్వము ఏడేండ్లు విజయనగరములో రామరాయల ఆశ్రయమున నుండినవాడు. తెలుగు కవులను పోషించి మల్కిభరాముడని పేరొందినవాడు. రామరాయలును బిజాపురముతో చేయి కలిపి అహమ్మదునగరముపై దండెత్తినవాడే. మతమే కారణమైనచో ఈ పొత్తు లెట్లు పొసగును? అట్లని మతప్రసక్తియే లేదనుటయు న్యాయము కాదు. పారసీక చరిత్రకారుడు ఫెరిష్తా దీనిని మతాభిమానపు భాషలోనే వర్ణించెను. నగరము దోపిడికి గుఱియైన మాటయు నిజము. ఇష్టము లేని సాక్ష్యమును మింగివేయు సంస్కర్త, ఇష్టమైన దానినే కేకవేయు అభిమానికంటె ఏమి మేలు? అయితే తొందరపాటు వాక్యపు భారము ఎవరిపై పడునో కూడ చూడవలెను. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులును మ్రొక్కులు చెల్లింతురు. హిందూపురపు పాఠశాలలో అదే బల్లపై కూర్చున్న మహమ్మదీయ బాలుడు, తన తాతముత్తాతలకైనను తెలియని యుద్ధమునకు, నేడు తలవంచుకొనవలసి వచ్చును.

లేపాక్షిలో గోడపై ఎఱ్ఱని మరకలను చూపి, విరూపణ్ణ తన కన్నులను పెఱికి విసరిన గుర్తులని చెప్పుదురు. అచ్యుతరాయల కాలపు శాసనములు ఆ యాలయములోనే యున్నవి. చూపువారు వానిని చూపరు.

మేమైనచో విద్యార్థిని ఇట్లు వ్రాయుమందుము: "1565 యుద్ధములో ఓడి, విజయనగరము రాజధానీస్థానమును కోల్పోయెను. 1567లో అచ్చట నున్న వర్తకుని మాటను బట్టి రాజు పెనుకొండ చేరెను. సుల్తానులును రాయలును అంతకు ముందు మతభేదము లేక పొత్తులు చేసికొన్నవారగుటచే, అధికారస్పర్ధ ముఖ్యకారణమని తోచుచున్నది. ఫెరిష్తా మాత్రము మతమును ముందుంచెను." కంఠపాఠమునకు ఇది అనుకూలము కాదు. "తోచుచున్నది" అను మాటకు కొందఱు పరీక్షకులు మార్కులు తగ్గింతురేమో!

ఇంతకును ఒక పరివారమంతయు హఠాత్తుగా కొండక్రిందికి వచ్చినపుడు పెనుకొండ రైతులు దానికి ధాన్యమెట్లు సమకూర్చిరో ఆ వర్తకుడు చెప్పలేదు. శాసనములు దానములను చెప్పును. కరణములు చెప్పగా మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులు 1800 తరువాతివి. రెండువందల యేండ్లకు మించిన జ్ఞాపకము. అవి తిరుమలరాయల కాలమునకంటె, దత్తమండలములు కుంపిణీ వశమైన నాటి పల్లెలు తమ గతమును గూర్చి ఏమి నమ్మెనో చెప్పుటకే ఎక్కువ పనికివచ్చును.