కదలని నీడ

నల్లగొండ పక్కనున్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దు ఎటు తిరిగినా లింగం వెనక గోడమీది స్తంభపు నీడ కదలదు. దాన్ని మొండి నీడ అన్నవాణ్ని నేనింతవరకు చూళ్లేదు. వెలుతురు ఎటునుంచి వస్తోందా అని అందరూ ఓపిగ్గా వెతుకుతారు.

అదే అంగన్‌వాడీలో నాలుగేళ్ల పిల్లాడు పిలిచినా పలక్క, బొమ్మబండిని బోర్లించి చక్రమే తిప్పుతూ కూర్చుంటే? మొండిఘటం అనేస్తాం. తల్లి పెంపకాన్నీ ఓ మాట అంటాం.

అది 1943లో లియో కానర్ వర్ణించిన ఆటిజం కావచ్చు. పెంపకానికీ దానికీ సంబంధం లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. ఇలాంటి పిల్లలకోసం 2023 నవంబరులో అంగన్‌వాడీలకు మార్గదర్శకాలూ వచ్చాయి.

చట్టం సరే, న్యాయం మాటేమిటి? అందర్నీ ఒకేలా చూస్తే సమానత్వమని మురిసిపోతాం. కానీ ఒకే పాట ఒకడికి ఆట, ఇంకొకడికి చెవిపోటు. వాడికో సద్దులేని మూల, తర్వాతి పనేమిటో చూపే నాలుగు బొమ్మలు, జవాబుకి కాస్త వ్యవధి ఇస్తే మిగతావాళ్ల వాటా తరిగిపోతుందా? టీచరమ్మకు పిల్లలెక్కువ, చేతులు తక్కువ. నిజమే. అందుకే ఆ రెండో చెయ్యి మనది కావాలంటాను. పక్కన కూర్చుని, ఆ చక్రాన్ని మీరూ ఓసారి తిప్పి చూడండి!