అధికారమునకు లెక్క

అధికారము మనుష్యుని చెఱచునా, లేక చెడిన మనుష్యుడే అధికారమును చెఱచునా యను ప్రశ్న ప్రాచీనమైనది. సాధారణముగా మనము రెండవ పక్షమునే యవలంబింతుము. క్రూరుడైన యధికారిని తొలగించి, సత్పురుషునొకని ఆ పీఠముపై గూర్చుండబెట్టినచో సర్వమును చక్కబడునని తలంతుము. ఈ తలంపును పరీక్షించుటకు ఇంగ్లండు దేశమునందలి నాటింగుహాము మండలపు షెరీఫుల చరిత్రము మంచి సాధనము.

షెరీఫను మాట షైరు, రీవు అను రెండు పాత యింగ్లీషు మాటల కలయికచే బుట్టినది. షైరనగా మండలము, రీవనగా అధికారి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప వీరి బలము మిక్కిలి పెరిగెను. పన్నులు వసూలు చేయుట, మండల న్యాయసభను నడపుట, నేరస్థులను పట్టుట, ఇవన్నియు నొక్కని చేతనే యుండెను. అంతియకాదు, షెరీఫు ఏటేట రాజునకు నియమితమైన మొత్తము చెల్లించి, పైన మిగిలినది తాను గైకొనుచుండెను. ఇజారాదారుల నెఱిగిన మనకు దీని ఫలము వేరుగ జెప్పనక్కఱలేదు. ఏటికి రెండుమారులు రాజుగారి కొలువున గళ్లవస్త్రము పఱచిన బల్లయొద్ద అతడు లెక్క చెప్పవలసియుండెను. కాని ఆ లెక్క రాజునకే గాని, రైతునకు గాదు.

1170లో రెండవ హెన్రీ షెరీఫుల యక్రమములను గూర్చి విచారణ జరిపించి, వారిలో పెక్కండ్రను తొలగించెను. మనుష్యులు మారిరి, పదవి మాఱలేదు. జాను రాజు కాలమున నాటింగుహాము, డార్బీ మండలములకు ఫిలిప్ మార్కు అనువాడు షెరీఫు. 1215 నాటి మాగ్నాకార్టాలో ప్రభువులు ఇతనిని పేరుపెట్టి తొలగింపవలయునని వ్రాయించిరి. అట్టి మహాశాసనమున పేరెక్కిన పిమ్మటను అతడు కొన్నియేండ్లు ఆ పదవియందే యుండెను! మఱుసటి యేట శాసనమును మరల బ్రకటించినప్పుడు ఆ నిబంధన కానరాదు. కాని, రాజద్రోహాది ఘోరాపరాధములను షెరీఫు విచారింపరాదను మఱియొక నిబంధన మాత్రము నిలిచినది. మనుష్యుని బేర్కొన్న వాక్యము మాసిపోయెను. పదవికి హద్దు గీచిన వాక్యము మిగిలెను. రాబిన్ హుడ్డును గూర్చిన పాత పాటలలోని దుష్ట షెరీఫునకు పేరే లేకుండుట గమనింపదగినది. జనులు నిందించినది ఒక మనుష్యుని గాదు, ఒక పదవిని.

ఆ పిమ్మట హద్దులు క్రమముగా బెరిగినవి. 1340లో షెరీఫు ఏడాదికి మించి పదవియందుండరాదని శాసనమయ్యెను. నేరవిచారణము మెల్లగా వేరు న్యాయాధికారుల పాలయ్యెను. 1568 నుండి నాటింగుహామునకు ప్రత్యేక షెరీఫు ఏర్పడెను. నేడు ఆ పదవి జీతము లేని గౌరవముగా మిగిలినది. ఒకనాడు పేరు విన్నంతనే పల్లెలు వడకిన యధికారి నేడు ఉత్సవములయందు గాననగును.

అట్లయిన మంచితనమునకు బనిలేదా? ఉన్నది. తన్ను బ్రశ్నింపవచ్చునని తనక్రిందివారికి తానై చెప్పువాడే మంచి యధికారి. ఇది వ్రాయుచు నాకు సిగ్గు కలుగుచున్నది. ఒకనాడు నా తరగతిలో పుస్తకమొకటి పోగా, ఒక బాలునిపై ననుమానపడి దినమంతయు వెలుపల నిలువబెట్టితిని. మఱునాడది వేఱొకని సంచిలో దొరకినది. ప్రధానోపాధ్యాయునకు నేను ప్రతిమాసము లెక్కలు చూపుదును; కాని ఆ బాలునకు లెక్క చెప్పవలెనని నాకు దోచలేదు. వాడును నన్నడుగలేదు. ఆ మౌనమును నేను వినయమని మెచ్చుకొంటిని; అది భయమని తెలియుటకు చాలకాలము పట్టినది.

మన యిండ్లలో యజమాని సంగతి యేమి? సొమ్ము కూర్చువాడును, వెచ్చించువాడును, తప్పొప్పులు నిర్ణయించువాడును అతడే. అతని పదవికి ఏడాది గడువు లేదు. ఆతడు సాధువైనచో ఇల్లు సుఖించును; కానిచో భరించును. పొరుగు మండలపు షెరీఫును నిందించుట సులభము. చదువరులారా, ఈ మాసాంతమున మీ జమాఖర్చుల పుస్తకమును ఇల్లాలి ముందఱ, ఎదిగిన బిడ్డల ముందఱ విప్పి, “అడుగుడు” అని యొక్కమాట యనుడు. వారు వెంటనే యడుగకపోయినచో, అది మీకు లభించిన ప్రశంస యని మాత్రము తలంపకుడు.