చూడని రైలు

"పెద్దమ్మా, చదువుతుంటే మనసు నిలవట్లేదు. ఎటో పోతోంది" అంది మా చెల్లెలి కూతురు. ఒళ్లో మద్దిపట్ల సూరి గారు తెలుగు చేసిన 'పథేర్ పాంచాలి'. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

"ఎటు పోయిందే?"

"అమ్మమ్మ పెరట్లోకి. పచ్చిమామిడికాయలోకి ఉప్పూ నూనే పట్రమ్మని దుర్గ తమ్ముణ్ణి పంపిస్తుంది చూడు, అక్కడ. మేమూ అమ్మమ్మకి తెలీకుండా జాడీలోంచి ఉప్పు తీసేవాళ్లం."

"అయితే నిన్ను ఆ పుస్తకమే పంపింది. అదీ చదవడమే."

కాసేపాగి అడిగింది: "సినిమాలో అక్కాతమ్ముళ్లు రెల్లుదుబ్బుల్లో పరిగెత్తి రైలు చూస్తారు కదా. ఇందులో చూడరేం?"

"1955 సినిమాలో సత్యజిత్ రాయ్ చూపించాడు. 1929లో పుస్తకంగా వచ్చిన నవలలో బిభూతిభూషణ్ చూపించలేదు. వెతుక్కుంటూ పోయి, దారి తప్పి, బురద కాళ్లతో ఇంటికొస్తారు. జ్వరంలో పడ్డ దుర్గ, తగ్గాక రైలు చూపిస్తావా అని తమ్ముడు అపుని అడుగుతుంది. ఆ జ్వరం తగ్గదు."

"అన్యాయం కదూ?"

"పేరులోనే దారి పాట అని ఉంది. చేరడం కన్నా నడవడమే..."

"ఆ మాట దుర్గతో అనగలవా పెద్దమ్మా?"

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అనలేను. ఈ నవల గురించి ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకుంటున్న మాట అది. ఆ పిల్ల ముందు నిలవలేదు. దారి ఎంత బాగున్నా దుర్గకు ఆ లోటు లోటే.

"అనలేనమ్మా. కానీ అపు ఏం చేశాడో చూడు. సిందూరపు భరిణ దొంగిలించిందని దుర్గ దెబ్బలు తింది గుర్తుందా? ఊరు వదిలి వెళ్లే ముందు ఆ బంగారు భరిణ అపుకి ఇంట్లోనే దొరుకుతుంది. తీసింది అక్కే. సంగతి వాడొక్కడికే తెలుసు. వెదురుపొదల్లోకి విసిరేస్తాడు, ఎవరికీ చెప్పడు. నా లెక్కన వాడు పెద్దవాడయ్యింది అప్పుడే."

"నిజం దాచితే పెద్దవాళ్లయిపోతారా?"

"తనని కాపాడుకోవడానికి దాచితే కారు. లేని మనిషి పరువు తన భుజాన వేసుకున్నాడే, అందుకు. తర్వాత ఊరు వదిలి రైలెక్కినా వాడి మనసు వెనక్కే పోతుంది, అక్క దగ్గరికి. మనసు చెదిరిందని మనం విసుక్కుంటాం. ఒక్కోసారి అది వెనకబడ్డ వాళ్లని వెంట తెచ్చుకోవడానికి వెళ్తుందేమో."

పుస్తకం మూసి, వేలు పేజీలోనే ఉంచుకుంది. మా అమ్మ పోయి రెండేళ్లు.

"పెద్దమ్మా, మేం ఉప్పు తీస్తున్నామని అమ్మమ్మకి తెలీదు కదా?"

"తెలుసు. మీ చెయ్యి అందాలనే ఆ జాడీని కింది గూట్లోకి మార్చింది."