పాట కింద ఎవరి పేరు?

మా కమాన్‌పూర్ దగ్గర ఐదుగురు పిల్లలు ఒక పాటల బృందం పెట్టుకున్నారు. ఒకరిది గిటారు, ఒకరిది డప్పు, ఒక అమ్మాయిది గొంతు. మిగతా ఇద్దరు చేతికి దొరికిన దాన్నల్లా వాయించేవాళ్లు. ఓపెన్‌కాస్టు పేలుళ్లు ఆగిన తర్వాత సాయంత్రం బడి వెనుక గదిలో సాధన చేసేవాళ్లు. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది కాబట్టి వాళ్ల మొదటి శ్రోతను నేనే.

వాళ్లు ఎత్తుకున్న మొదటి పాట ఆ అమ్మాయి నాయనమ్మది. నాట్లప్పుడు పాడే పాట. ఆమె దాన్ని తన తల్లి దగ్గర నేర్చుకుంది. పిల్లలు దానికి గిటారు కలిపారు, దరువు మార్చారు, మధ్యలో రెండు చరణాలు కొత్తగా రాశారు. యూట్యూబ్‌లో పెడితే ఊరంతా చూసింది. గోదావరిఖనిలో ఒక కార్యక్రమానికి పిలుపు వచ్చింది, కొంత డబ్బూ వచ్చింది. ఆర్నెల్లకు బృందం విడిపోయింది. కారణం వీడియో కింద ఉన్న ఒక్క వరుస. ‘రచన, సంగీతం’ అని రాసి, పక్కన గిటారు వాయించిన అబ్బాయి పేరు పెట్టారు.

“రాత్రులు కూసుండి రాసింది నేనే కద సార్” అన్నాడు ఆ అబ్బాయి. “రాగం మా నాయనమ్మది” అంది అమ్మాయి. “దరువు నాది” అన్నాడు డప్పు పిల్లవాడు. ముసలామె మాత్రం ఫోను వైపు చూసి, “నా పేరు లేకుంటే లేకపాయె బిడ్డా, మా అవ్వ పేరన్న పెట్టిండ్రా?” అని అడిగింది.

ఆ రోజు నేను ఏమీ చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆలస్యంగా చెబుతున్న జవాబు.

ఇలాంటి తగాదా మన పిల్లలకే వచ్చింది కాదు. 1960ల చివర అమెరికాలో పల్లెపాటలను, నల్లజాతి వాళ్ల బ్లూస్‌ను, చర్చి పాటలను రాక్ సంగీతంతో కలిపిన ఒక ధోరణి వచ్చింది. దాన్ని రూట్స్ రాక్ అంటారు, అంటే వేళ్లున్న పాట. అందులో పేరుమోసిన బృందం ‘ద బ్యాండ్’. ఐదుగురిలో నలుగురు కెనడా వాళ్లు. డ్రమ్స్ వాయించే లెవన్ హెల్మ్ ఒక్కడే అమెరికా దక్షిణాదిన ఆర్కన్సాలో పత్తి రైతు కొడుకు. గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ తల్లి అక్కడి ఆదివాసీ. సిక్స్ నేషన్స్ రిజర్వు అనే ఆదివాసుల నేల మీద, బంధువుల మధ్య కూర్చుని అతను గిటారు పట్టడం నేర్చుకున్నాడు. ఈ సంగతి మన పిల్లలకు తెలియాలి.

ఏళ్ల తరబడి ఇతరుల వెనుక వాయించి, 1967లో ఒక గులాబీ రంగు ఇంటి నేలమాళిగలో కలిసి పాటలు అల్లుకుని, 1968లో మొదటి ఆల్బం, 1969లో రెండోది తెచ్చారు. ఆ రెండో ఆల్బంలో 12 పాటలు. పన్నెండింటి కిందా రాబర్ట్‌సన్ పేరుంది. 8 పాటల కింద అతని పేరు ఒక్కటే. హెల్మ్ పేరు ఒక్క పాటకే, అదీ రాబర్ట్‌సన్‌తో కలిపి. 1976 నవంబరు 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో వీడ్కోలు కచేరీ చేశారు. మార్టిన్ స్కోర్సెసీ దాన్ని సినిమాగా తీశాడు. 1983లో మిగతా వాళ్లు మళ్లీ కలిశారు గాని రాబర్ట్‌సన్ కలవలేదు. 1993లో హెల్మ్ తన ఆత్మకథలో, పాటలు అందరం కలిసి చేశాం, పేరూ డబ్బూ మాత్రం ఒకరికి పోయాయి అన్న బాధను బయటపెట్టాడు. దక్షిణాది చరిత్ర తెలుసుకోవడానికి రాబర్ట్‌సన్‌ను గ్రంథాలయానికి తీసుకుపోయింది తానేనని కూడా రాశాడు. కూర్చుని రాసింది తానేనని రాబర్ట్‌సన్ మాట. 2012లో హెల్మ్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు రాబర్ట్‌సన్ ఆసుపత్రికి వెళ్లి చూసి వచ్చాడు. 2023లో అతనూ పోయాడు.

ఇందులో ఎవరిది న్యాయం? నాకు ఇద్దరి మాటా నిజంగానే కనిపిస్తుంది. అందరూ నిద్రపోయాక మేలుకుని రాసినవాడి కష్టాన్ని కాదనలేం. ఆ కష్టానికి విలువ ఇవ్వకపోతే రేపు ఎవరూ మేలుకోరు. కానీ అతను రాసింది ఎవరి గొంతు కోసం, ఎవరి యాస విని, ఎవరి ఊరి కథ తెలుసుకుని? పత్తి చేనులో పుట్టినవాడు పక్కన లేకపోతే ఆ పాటకు ఆ వాసన వచ్చేదా?

చట్టం ఈ ప్రశ్నకు కొంత దూరమే వస్తుంది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మాటలకు ఒక హక్కు, సంగీతానికి ఒక హక్కు, రికార్డింగుకు ఇంకో హక్కు ఉంటాయి. రచయిత బతికి ఉన్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. రచయిత ఎవరో తెలియని నాట్ల పాట గురించి, నేర్పిన అవ్వ గురించి అడిగితే ఆ లెక్కల్లో సరైన గడి దొరకదు. ఆ ఖాళీలో ముందుగా ఎవరు పేరు రాసుకుంటే వాళ్లదే పాట అయిపోతుంది.

“జానపదం అందరిదీ, పేరెందుకు?” అని కొందరంటారు. వినడానికి పెద్ద మాట. అందరిదీ అని అవ్వ పేరు తీసేసిన చేతితోనే తన పేరు రాసుకోవడం నేను చూశాను. అందరిదీ అని నిజంగా నమ్మేవాడు ముందు తన పేరు తీసేయాలి.

మన పెద్దలు దీన్ని ఎలా చూశారు? మణుగూరు వైపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారిని తలుచుకోండి. అదీ బొగ్గు గనుల సీమే. కోయల డోలీ కళాకారుడాయన. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల కథలను నోటితోనే కాపాడాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. ఆ కథలు ఆయన సృష్టించినవి కావు, కోయలందరివీ. అయినా ఆయన లేకపోతే మనదాకా వచ్చేవి కావు. మన లెక్కలో డోలీ పట్టినవాడు కథకు యజమాని కాడు, కాపలాదారు. కాపలాదారుకు మర్యాద ఉంది, ఇంటింటా పెట్టే గింజలూ ఉన్నాయి. పాట ఎవరి సొత్తూ కాకపోవడమూ, పాడినవాడి కడుపు నిండడమూ ఒకేచోట కుదిరాయి. చట్టం గడిలో పట్టని పద్ధతిని మనవాళ్లు గింజలతో నడిపారు.

ఇవాళ గింజల చోట డబ్బు వచ్చింది, గూడెం చోట ఫోను వచ్చింది. కాబట్టి ఆ పద్ధతిని మనమే కొత్తగా రాసుకోవాలి. బృందం పెట్టుకునే పిల్లలకు నేను మూడు మాటలు చెబుతాను.

ఒకటి, ప్రతి పాట కింద మూడు వరుసలు రాయండి. పాట ఏ తెగది, ఏ ఊరిది. మీకు నేర్పింది ఎవరు. కొత్తగా కలిపింది ఎవరు, ఏమిటి. కొత్త చరణాలు రాసిన అబ్బాయి పేరు అందులో తప్పకుండా ఉండాలి, అతని వాటా ఎంతో అంతకే.

రెండు, డబ్బు పంపకం పైసా రాకముందే మాట్లాడుకోండి. వచ్చాక మాట్లాడితే ప్రతివాడికీ తన కష్టమే పెద్దదిగా కనిపిస్తుంది. నేర్పిన ఇంటికీ ఒక వాటా తీయండి, చిన్నదైనా సరే.

మూడు, అన్ని పాటలూ అమ్మకానికి కావు. దేవర ముందు పాడేవి, చావు దగ్గర పాడేవి వేదిక మీదికి తేవాలో వద్దో పెద్దమనుషులను, ముఖ్యంగా ఆడవాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే ఆగండి.

ఇవన్నీ పాటిస్తే బృందాలు విడిపోవని నేననను. పెళ్లిళ్లవుతాయి, ఉద్యోగాలు వస్తాయి, ఒకరికి సినిమా పిలుపు వస్తుంది. హైదరాబాదు ‘చౌరస్తా’ బృందంలో పాడిన రామ్ మిర్యాల తర్వాత సినిమా సంగీతంలోకి వెళ్లాడు. అది తప్పేమీ కాదు. విడిపోవడం వేరు, ఒకరి పాటను ఇంకొకరు ఎత్తుకుపోయారన్న బాధతో విడిపోవడం వేరు. మొదటిదాని తర్వాత పెళ్లిలో ఎదురుపడితే పలకరించుకోవచ్చు. రెండోది ముప్పై ఏళ్లయినా మానదు.

మా ఐదుగురూ మళ్లీ కలవలేదు. గిటారు అబ్బాయి ఇప్పుడు కాంట్రాక్టు పనికి పోతున్నాడు. మొన్న ఒక రాత్రి ఫోను చేసి, “సార్, ఆ అమ్మాయి నాయనమ్మ వాళ్ల అవ్వ పేరేంది?” అని అడిగాడు. కనుక్కొని చెప్పాను. పొద్దున చూస్తే వీడియో కింద వరుస మారి ఉంది. అతని పేరు మూడోది, ముసలామె పేరు రెండోది. మొదటి పేరును ఈ ఊళ్లో ఎవరూ ఎన్నడూ రాసి చూసినట్టు లేదు.