కుక్క కోసం ఏడిస్తే తప్పా?



హిందూపురం పక్క పల్లెలో మన ఉపాసకుడు ఒకాయనకు మూడెకరాల శెనిక్కాయ చేను ఉంది. కాయ ఊరే నెలల్లో రాత్రిపూట అడవిపందులు పడి చేనంతా తవ్విపోస్తాయి. తొమ్మిదేండ్లు ఆ చేనికి కావలి కాసింది కరియ అనే నల్లకుక్క. మొన్న పంటకాలంలో పాము కరిచి సచ్చిపోయింది. ఆయన రెండు రోజులు కూడు ముట్టలేదు.

ఊర్లో కొందరు నవ్వినారు. అది పక్కన పెడదాం. మనవాళ్లలోనే ఒకరు అన్న మాట మాత్రం ఆలోచించాల్సిందే: "తరతరాలుగా మనల్ని కుక్కకన్నా హీనంగా చూసినారు కదన్నా. మళ్లీ మనం కుక్కకు ఏడ్సేదేంది?"

ఆ మాటలో నిజముంది. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, అంటరానివాళ్లు తాగకూడదు. అందుకే 1927 మార్చి 20న బాబాసాహెబ్ అక్కడ దోసిలి పట్టి నీళ్లు తాగినారు. 1931లో గాంధీని కలిసినప్పుడు, కుక్కలు పిల్లులకన్నా హీనంగా చూసే దేశాన్ని నాదని ఎట్లా అనుకోవాలని అడిగినారు.

అయితే ఆయన కోపం ఎవరి మీద? నీళ్లు తాగే జంతువు మీద కాదు, తాగనీయని మనిషి మీద. చెడ్డ నడవడి ఉన్నోళ్లు కుక్కగానో పందిగానో చండాలుడిగానో పుడతారని ఛాందోగ్యోపనిషత్తు అంటుంది. చండాలుడి ఆస్తి కుక్కలూ గాడిదలేనని మనుస్మృతి అంటుంది. మనల్నీ కుక్కనూ ఒకే వరసలో నిలబెట్టి నీచమన్నది ఆ శాస్త్రాలే. ఇప్పుడు మనం కుక్కను నీచమంటే, ఆ నిచ్చెనలోనే ఒక మెట్టు పైకెక్కి కూర్చున్నట్టు కాదా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమనేది 9వది, ప్రాణులన్నిటి మీద దయ అనేది 13వది. రెండూ ఒకే నోటితో పలికినాం.

"వచ్చే జన్మలో మనిషై పుడుతుందిలే" అని ఇంకొకరు ఓదార్చినారు. ఆ ఓదార్పు మనకొద్దు. ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోతుందనేది బౌద్ధం కాదు. పైగా కుక్క బతుకు ఒక శిక్ష అనే మాట అందులో దాగుంది. కరియ శిక్ష అనుభవించలేదు. బతికింది, కావలి కాసింది, పోయింది.

మరి దుఃఖాన్ని ఏం చేయాల? భగవానుడి పరినిబ్బానం దగ్గరపడినప్పుడు ఆనందుడు వాకిలి పట్టుకొని ఏడ్చినాడు. భగవానుడు ఆయన్ను పిలిపించి, పుట్టింది పోక తప్పదని చెప్పినాడు, ఇన్నేండ్లు మైత్రితో సేవ చేసినావని మెచ్చుకున్నాడు. ఏడ్చినందుకు తిట్టలేదు. ఏడుపులోనే ఉండిపోనీయలేదు కూడా.

మన అన్న కరియను గట్టు మీద కానుగ చెట్టు కింద పూడ్చినాడు. పిండాలు, దినాలు లేవు. త్రిశరణాలు చెప్పుకొని కాసేపు కూర్చున్నాడు. తర్వాత మళ్లీ చేనికి పోయినాడు. ఇప్పుడు ఆయన వాకిట్లో ఒక నీళ్లతొట్టి ఉంది. వీధికుక్కలు, మేకలు, పిట్టలు వచ్చి తాగిపోతాయి. నీళ్ల దగ్గర అడ్డుకుంటే ఎట్లుంటుందో మనకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు?

నమో బుద్ధాయ. జై భీమ్.