జవాబు వచ్చింది, మననం జరిగిందా?

కృత్రిమ మేధ బడిలోకి వచ్చాక ఉపాధ్యాయులను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది: ఈ వ్యాసం పిల్లవాడు రాసిందా, చాట్‌జీపీటీ రాసిందా? దీన్ని యంత్రంతోనే తేల్చుకుందామనుకున్నవాళ్లు భంగపడ్డారు. ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తెచ్చిన గుర్తింపు సాధనాన్ని, కచ్చితత్వం చాలడం లేదంటూ ఆ జులైలోనే వెనక్కి తీసుకుంది. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఇలాంటి సాధనాలు యంత్రం ఖాతాలో వేశాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది చూపారు. నిజాయితీగా రాసినవాళ్లే దోషులుగా తేలారన్నమాట. రాసిందెవరో తేల్చే దారి ఇలా మూసుకుపోయాక, నేర్చుకోవడమంటే ఏమిటన్న పాత ప్రశ్న దగ్గరికే రాక తప్పదు.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన క్రమం శ్రవణం, మననం, నిదిధ్యాసనం. అక్కడి విషయం ఆత్మజ్ఞానమే అయినా, ఆ క్రమం పదో తరగతి వర్గ సమీకరణానికీ సరిపోతుంది. సూత్రం వినడం శ్రవణం. విచక్షణి రుణాత్మకమైతే వాస్తవ మూలాలు ఎందుకుండవని తనలో తాను తర్కించుకోవడం మననం. వినిపించే పని గురువు చేయొచ్చు, పుస్తకం చేయొచ్చు, యంత్రమూ చేయొచ్చు. మననం మాత్రం ఒకరి బదులు మరొకరు చేసిపెట్టేది కాదు. తుర్కియేలో సుమారు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో జరిగిన లెక్కల ప్రయోగం ఈ తేడానే బయటపెట్టింది. అడిగిందే తడవుగా జవాబిచ్చే సాధనం వాడినవాళ్లు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, దాన్ని ముట్టనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలిచ్చేలా మలిచిన సాధనం వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది.

ఇక యంత్రం మాటను నమ్మొద్దంటే, పుస్తకానికీ ప్రాణం లేదు కదా, దాన్నెలా నమ్మామని అడగొచ్చు. న్యాయదర్శనం ఆప్తుడి మాటను ప్రమాణంగా ఒప్పుకుంటుంది. విషయాన్ని తాను ఎరిగి ఉండటం, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలని కోరడం ఆప్తుడి లక్షణం. అది ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు భాష్యకారుడు వాత్స్యాయనుడు. పుట్టుక అడ్డు కాదు కాబట్టి, కేవలం యంత్రమన్న కారణంతో దీన్ని తోసిపుచ్చలేం. అయితే ఏ పదం తర్వాత ఏది రావచ్చో లెక్కగట్టి వాక్యం అల్లే ఈ సాధనం, లేని పుస్తకం పేరును కూడా ఉన్నదాని పేరంత ధీమాగా చెప్పగలదు. పుస్తకం వెనక నిలదీయడానికి రచయిత ఉంటాడు. గురువులూ పొరబడతారు, నిజమే. కానీ మర్నాడు ఆ పిల్లలకే జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది. అందుచేత యంత్రం మాటను పరీక్షించి చూడదగ్గ ప్రతిపాదనగా తీసుకోవాలే తప్ప ప్రమాణంగా కాదు.

అలాగని నిషేధిస్తే, ఇంటిదగ్గర సందేహం తీర్చే మనిషి లేని పిల్లకు శ్రవణమే కరువవుతుంది. దానికంటే మార్కులను మననం వైపు జరపడం మేలు: ఈ మెట్టు ఎందుకు వేశావు, ఇది తప్పని ఎవరైనా అంటే ఏమంటావు? అరవై మంది తరగతిలో అందరినీ రోజూ అడగడం కుదరదు. వంతు ఎప్పుడొస్తుందో తెలియకుండా రోజుకు ఐదుగురిని అడిగినా చాలు. ఆ ప్రశ్నలకు నిలబడ్డ పిల్లవాడు యంత్రం సాయం తీసుకున్నా నేర్చుకున్నట్టే. నిలబడలేనివాడు కాగితమంతా సొంత దస్తూరితో నింపినా నేర్చుకోనట్టే.